రూబార్బు పొలంలో గట్టిపడిన కాళ్ళు

మన హాస్టళ్ళలో ఈమధ్య ట్రయథ్లాన్ అనే మాట తరచుగా వినిపిస్తోంది. ముందు ఈత, ఆ పైన సైకిలు, ఒళ్ళు పూర్తిగా అలిసిపోయాక పరుగు. మూడూ ఒకే రోజున, మధ్యలో విశ్రాంతి లేకుండా. 1978లో హవాయి దీవుల్లో పదిహేనుమంది మొదలుపెట్టి పన్నెండుమంది పూర్తిచేసిన పోటీ ఇది. అందులో ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180, పరుగు 42.2. ఇందులో సగం దూరం పోటీ 2019లో గోవాలో కూడా జరిగింది. అప్పటినుంచీ మనవాళ్ళకు ఉత్సాహం పెరిగింది. సంతోషమే.

అయితే వీళ్ళలో ఈత గురించి భయపడేవాళ్ళున్నారు, పరుగు గురించి భయపడేవాళ్ళున్నారు గాని సైకిలు గురించి భయపడేవాళ్ళు తక్కువ. చిన్నప్పటినుంచీ తొక్కుతున్నదేగా అని ధీమా కాబోలు. నిజానికి మొత్తం పోటీలో సగం సమయాన్ని తినేసేది సైకిలే. పైగా ఈ పోటీల్లో ఒకడి వెనక ఒకడు చేరి గాలి తప్పించుకోవడం నిషిద్ధం. ఎవరి గాలి వారే చీల్చుకోవాలి. ఆ 180 కిలోమీటర్లు తొక్కే కాళ్ళు ఎన్ని నెలల్లో వస్తాయి మాష్టారూ అని కుర్రాళ్ళు అడుగుతుంటారు. నెలల లెక్క నాకు చేతకాదు. కాని ఒంటరిగా, గడియారంతో పోటీపడుతూ సైకిలు తొక్కడంలో ఇరవయ్యో శతాబ్దంలో సాటిలేని ఒక మనిషి కథ తెలుసు. ఆమె ట్రయథ్లాన్ మనిషి కాదు. ఇంగ్లండులో యార్క్‌షైర్ జిల్లాకు చెందిన ఒక ఇల్లాలు. పేరు బెరిల్ బర్టన్.

1937 మే 12న లీడ్స్ నగరం దగ్గర హాల్టన్‌లో పుట్టింది. కలిగిన కుటుంబం కాదు. ఆ రోజుల్లో ఇంగ్లండులో పదకొండేళ్ళ పిల్లలకు ఒక పరీక్ష ఉండేది. అందులో నెగ్గిన పిల్లలు మంచి బడికి, తప్పిన పిల్లలు మామూలు బడికి పోవలసిందే. మన ఎంట్రన్సు పరీక్షల బాధ వాళ్ళకు పదకొండో ఏటనే అన్నమాట. బెరిల్ తెలివైన పిల్లే గాని ఆ రోజున బెదిరిపోయింది, తప్పింది. ఆ దెబ్బ ఆమె మనసులో జీవితాంతం ఉండిపోయింది. ఏదో ఒకదానిలో అందరికన్నా ముందుండి తీరాలన్న పట్టుదల అక్కడే పుట్టిందని తరువాత తానే వ్రాసుకుంది.

ఆ వెంటనే జబ్బు చేసింది. రుమాటిక్ జ్వరం. దానితోపాటు కాళ్ళూ చేతులూ వాటంతటవే అదిరిపడే వ్యాధి. నెలల తరబడి ఆస్పత్రి మంచం, ఆ తరువాత ఇంటికి దూరంగా సౌత్‌పోర్టు అనే సముద్రతీరపు ఊళ్ళో కోలుకొనే పిల్లల ఆశ్రమంలో ఏడాదిపైగా వాసం. రుమాటిక్ జ్వరం కీళ్ళను నాకి గుండెను కరుస్తుందని వైద్యులు చెప్పే మాట మన దేశంలో ఇప్పటికీ వినబడేదే. ఇంటికి పంపేటప్పుడు డాక్టర్లు ఆ పిల్లను శరీరానికి ఎక్కువ శ్రమ ఇవ్వవద్దన్నారు. (ఇక్కడ ఒక మాట. డాక్టరు మాట కాదని లోకాన్ని జయించిన కథగా దీన్ని దయచేసి చదవకండి. చిన్నప్పుడు ఈ జ్వరం వచ్చినవాళ్ళు ఈనాడు ఎంత దూరం తొక్కాలన్నా ముందు గుండెకు ఎకో పరీక్ష చేయించుకోవలసిందే. ఈ కథ చివర ఎలా ఉందో చదివాక ఎందుకో మీకే తెలుస్తుంది.)

పదిహేనేళ్ళకు బడి వదిలి బట్టలు కుట్టే కంపెనీలో పనికి చేరింది. అక్కడ చార్లీ బర్టన్ అనే యువకుడు పరిచయమయ్యాడు. అతనికి సైకిలు పిచ్చి. ఆదివారం వస్తే క్లబ్బు మిత్రులతో కలిసి కొండల మీదుగా వంద మైళ్ళు తొక్కివచ్చే రకం. బెరిల్ కూడా వాళ్ళ వెంట పడింది. మొదటి ఏడాది ఎత్తు రోడ్డు వస్తే వెనకబడిపోయేది. చార్లీయో, మరొకరో వీపు మీద చెయ్యి వేసి తోసేవారు. రెండో ఏడాదికి ఎవరూ తోయవలసిన పని లేకపోయింది. మగవాళ్ళతో సమానంగా తొక్కేది. మూడో ఏడాది గుంపుకు ముందు తానే నిలిచి గాలిని తన మీద వేసుకుని మిగతావారిని వెంట లాక్కుపోయేది.

ఎన్ని నెలలు అని అడిగే మన కుర్రాళ్ళు ఈ మూడేళ్ళ దగ్గర కాస్త ఆగాలి. ఆ మూడేళ్ళలో ఆమె చేసినదానికి ట్రెయినింగ్ అన్న పేరు కూడా లేదు. స్నేహితులతో కలిసి తొక్కింది, అంతే. కాని ఆ తొక్కుడు ఒంట్లో చేసే పని చాలా ఉంది. మాట్లాడుతూ తొక్కగలిగే వేగంలో గంటల తరబడి తొక్కితే గుండె ఒక్కొక్క కొట్టుకు తోసే రక్తం పెరుగుతుంది. తొడ కండరాల్లో సన్నని రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలు ఎక్కువవుతాయి. కండరాల్లో దాచుకున్న చక్కెర గట్టిగా తొక్కితే రెండు గంటలకు అటూ ఇటూగా అడుగంటుతుంది. దాన్ని పొదుపు చేసి కొవ్వును మండించడం ఒళ్ళు నేర్చుకునేది కూడా ఈ నెమ్మది మైళ్ళలోనే. ఇది వారాల్లో మొదలవుతుంది గాని పూర్తిగా పండడానికి ఏళ్ళు పడుతుంది. నాలుగు నెలల ముందు సైకిలు కొని, రోజూ ఆయాసం వచ్చేలా గంటసేపు తొక్కి, నేను సిద్ధం అనుకునేవాడు నూరో కిలోమీటరు దగ్గర దిగిపోవడానికి కారణం ఇదే.

1955లో బెరిల్‌కు చార్లీతో పెళ్ళయింది. మరుసటి జనవరిలో కూతురు డెనీస్ పుట్టింది. పెళ్ళితో, బిడ్డతో ఆటలు ముగిసే కాలం అది, అక్కడా ఇక్కడా కూడా. ఈమెకు మాత్రం అసలు కథ అప్పుడే మొదలయింది. 1957లో బ్రిటిష్ జాతీయ వంద మైళ్ళ పోటీలో రెండవ స్థానం వచ్చింది. చార్లీ తానూ పందేలు తొక్కేవాడే. భార్య కాళ్ళలోని సత్తా తనకన్నా వేరు తరగతిదని గ్రహించి తన పందేలు పక్కన పెట్టాడు. ఆమె సైకిలు బిగించడం, తుడవడం, రోడ్డుపక్కన నిలబడి తిండీ నీళ్ళూ అందించడం, పిల్లను చూసుకోవడం అతని పనులయ్యాయి. ఆమె కీర్తిలో ఈ మనిషికి రావలసిన వాటా లోకం ఎప్పుడూ పూర్తిగా ఇవ్వలేదని నా అభిప్రాయం.

ఇక పొలం సంగతి. బర్టన్ దంపతులు కాపురమున్న మోర్లీ పట్టణం చుట్టుపక్కల రూబార్బు అనే పంట ప్రసిద్ధి. మన చుక్కకూర కుటుంబానికి చెందిన మొక్క. మూలికల దుకాణాల్లో రేవల్చిని అని అమ్మే వేరుకు దగ్గరి చుట్టం. దాని పుల్లటి ఎర్ర కాడలను చక్కెరతో ఉడికించి తింటారు. ఆ పంట పద్ధతి విచిత్రం. దుంపలను రెండేళ్ళు బయట పొలంలో పెంచి, చలికాలం మంచు తగిలాక తవ్వి తీసి, చీకటి కొట్టాల్లోకి చేరుస్తారు. వెలుగు లేని వెచ్చదనంలో కాడలు లేతగా పొడుగ్గా సాగుతాయి. కొవ్వొత్తి వెలుతురులో కోస్తారు. మట్టి గడ్డకట్టి అంటుకున్న ఆ దుంపలు మోయడం సామాన్యమైన పని కాదు. నిమ్ కార్లైన్ అనే రైతు పొలంలో బెరిల్ ఈ కూలిపని చేసింది. ఆ కార్లైన్ కూడా 24 గంటల సైకిలు పందేల్లో పేరుపడ్డ మొండివాడు. తవ్వడం, ఎత్తడం, మోయడం. సాయంత్రం ఆ పని దిగి సైకిలెక్కడం. ఆదివారం పందెం. సోమవారం తెల్లవారితే మళ్ళీ పొలం.

ఈనాడు పుస్తకాలు తిరగేస్తే సైకిలు వాళ్ళకు బరువులెత్తే కసరత్తు అవసరమనీ, నడుమూ వీపూ గట్టిపడకపోతే నాలుగో గంటలో హ్యాండిల్ మీద వంగి ఉండలేమనీ వ్రాసి ఉంటుంది. బెరిల్‌కు ఆ కసరత్తు జీతం తీసుకుంటూ జరిగింది. ఒక పెద్ద సైకిలు కంపెనీ ప్రొఫెషనల్‌గా మారమని అడిగినా ఆమె మారలేదు. చివరివరకూ అమెచ్యూరే. కనుక పొలం పని ఆమె ఎంచుకున్న శిక్షణ అని అందంగా చెప్పడం అబద్ధమవుతుంది. ఇల్లు గడవాలి, పని కావాలి. ఆ పనే కాళ్ళకూ నడుముకూ బలమయింది.

ఆమె గెలుపులన్నీ వ్రాస్తే ఈ సావనీరు చాలదు. 1959లో బెల్జియంలోని లియేజ్‌లో ట్రాక్ మీద పర్స్యూట్ పోటీలో మొదటిసారి ప్రపంచ విజేత. మరుసటి ఏడు తూర్పు జర్మనీలో పర్స్యూట్ తోపాటు రోడ్డు పందెంలో కూడా ప్రపంచ విజేత. మొత్తం మీద పర్స్యూట్ అయిదుసార్లు, రోడ్డు రెండుసార్లు. బ్రిటన్‌లో ఏడాది పొడుగునా వేర్వేరు దూరాల టైమ్ ట్రయల్స్‌లో సగటు వేగం లెక్కకట్టి ఉత్తమ ఆల్‌రౌండర్ బహుమతి ఇస్తారు. 1959 నుంచి 1983 దాకా వరసగా 25 ఏళ్ళు మహిళల బహుమతి ఆమెదే. ఇరవై రెండో ఏట పట్టిన బహుమతి నలభై ఆరో ఏటిదాకా వదలలేదు. ఈమె ఒలింపిక్స్‌కు ఎందుకు పోలేదని మీరు అడగవచ్చు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు సైకిలు పోటీ పెట్టిందే 1984లో. అప్పటికి ఆమెకు 47 ఏళ్ళు. ఆమె సొంత పోటీ అయిన పర్స్యూట్ 1992 దాకా రానే లేదు. ఇంత మనిషి పేరు మనదాకా రాకపోవడానికి ఇదొక కారణం.

ఈ టైమ్ ట్రయల్ అనేది ఇంగ్లండు వాళ్ళ ప్రత్యేకత. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పోలీసులకూ జనానికీ రోడ్ల మీద గుంపు పందేలంటే కోపం వచ్చింది. అందుకని ఒక్కొక్కరినీ నిమిషం తేడాతో పంపడం మొదలుపెట్టారు. తెల్లవారుజామున, నల్లబట్టలు వేసుకుని, రోడ్డు పేరుకు బదులు రహస్య అంకెలు పెట్టుకుని దొంగతనంగా జరిపేవారు. పందెంలా కనిపించకూడదని ఆ తంటాలు. ఆ అలవాటులోంచి వచ్చిన ఒంటరి తొక్కుడే ఇది. ట్రయథ్లాన్‌లో సైకిలు భాగానికి దీనికన్నా దగ్గరి చుట్టం మరొకటి లేదు.

1967 సెప్టెంబరు మొదట్లో హాలండులోని హీర్లెన్‌లో ఆమె రెండవసారి రోడ్డు ప్రపంచ విజేత అయింది. ఇంటికి వచ్చి రెండు వారాలు గడిచాయో లేదో, 17వ తేదీన యార్క్‌షైర్‌లో ఓట్లీ క్లబ్బు వారి పన్నెండు గంటల టైమ్ ట్రయల్‌కు దిగింది. పన్నెండు గంటల్లో ఎవరు ఎంత దూరం తొక్కితే అంత. ముందు మగవాళ్ళు వంద మంది దాకా నిమిషానికొకరు బయలుదేరారు. వారి వెనక ఆడవాళ్ళు. బెరిల్ గంట గంటకూ ముందున్నవారిని ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయింది. చివరికి ఆమె ముందు మిగిలింది మైక్ మెక్‌నమారా ఒక్కడే. అతడు సామాన్యుడు కాడు. ఆ ఏడు మగవాళ్ళ ఆల్‌రౌండర్ బహుమతి గెలిచినవాడు. ఆ రోజున మగవాళ్ళ పన్నెండు గంటల రికార్డు బద్దలు కొడుతూ తొక్కుతున్నాడు.

దాదాపు 235 మైళ్ళు పూర్తయ్యాక అతని వెనక చక్రం ఆమెకు కనిపించింది. పదకొండో గంట దరిదాపులు. దాటవలసిందే, కాని ఆమెకు కొంచెం జంకు కలిగింది. పాపం జీవితంలో ఇంత బాగా ఎన్నడూ తొక్కని రోజున అతన్ని ఒక ఆడమనిషి దాటిపోతే అతని ఘనత మాటేమిటన్నది ఆమె జంకు. జేబులో అతిమధురం బిళ్ళలు ఉన్నాయి. అక్కడి పిల్లలు తినే రంగురంగుల మిఠాయి. పక్కకు వచ్చి ఒకటి అందించింది. అతను తీసుకుని, థాంక్స్ చెప్పి నోట్లో వేసుకున్నాడు. ఆమె ముందుకు వెళ్ళిపోయింది.

సాయంత్రానికి మెక్‌నమారా లెక్క 276.52 మైళ్ళు, మగవాళ్ళ కొత్త రికార్డు. బెరిల్ లెక్క 277.25 మైళ్ళు, అంటే 446 కిలోమీటర్లు. గంటకు 37 కిలోమీటర్లకు పైగా, పన్నెండు గంటలసేపు. శరీరబలం మీద ఆధారపడే ఆటలో ఒక స్త్రీ అదే రోడ్డు మీద అదే రోజున పురుషుల రికార్డును మించిపోవడం అరుదైన సంగతి. మగవాళ్ళలో ఆ దూరాన్ని దాటడానికి 1969 దాకా పట్టింది.

మరుసటి ఏడు, 1968లో, వంద మైళ్ళు 3 గంటల 55 నిమిషాల 5 సెకన్లలో తొక్కింది. ఆ రికార్డు 28 ఏళ్ళు నిలిచింది. మన ట్రయథ్లాన్ కుర్రాళ్ళ కోసం నేనొక లెక్క వేశాను. అదే వేగంతో పోతే 180 కిలోమీటర్లు 4 గంటల 23 నిమిషాలు. రోడ్లు వేరు, గాలి వేరు, ఆ తరువాత పరుగెత్తవలసిన పనీ ఆమెకు లేదు, ఒప్పుకుంటాను. కాని అది ఉక్కు గొట్టాల సైకిలు మీద, మామూలు హ్యాండిల్ పట్టుకుని, పొలం పనికి పోయివచ్చే మనిషి తొక్కిన వేగం. 1976లో, 39వ ఏట, 25 మైళ్ళు 53 నిమిషాల 21 సెకన్లలో పూర్తిచేసింది. ఆ రికార్డుకు 20 ఏళ్ళ ఆయుర్దాయం. వయసు పెరిగేకొద్దీ వేగం తగ్గాలి గదా, ఈమెకు పెరిగిందేమిటంటే ఒక్క ఏడూ మానలేదు గనుక. పాత ఏడాది బలం మీద కొత్త ఏడాది బలం వడ్డీలాగా చేరుతూ వచ్చింది.

ఇంతవరకూ చదివితే ఈమెను దేవతను చేసి పూజించాలనిపిస్తుంది. కనుక అదే 1976లో జరిగిన మరో సంగతి కూడా చెప్పాలి. జాతీయ రోడ్డు పందెం. చివర్లో మిగిలిన కొద్దిమందిలో తల్లీ కూతుళ్ళిద్దరూ ఉన్నారు. డెనీస్‌కు అప్పటికి 20 ఏళ్ళు. అంతకుముందు ఏడే ప్రపంచ పోటీల్లో పర్స్యూట్‌లో కంచు పతకం తెచ్చుకున్న పిల్ల. ముగింపు గీత దగ్గర వేగంలో కూతురు తల్లిని ఓడించింది. ఏ తల్లయినా మురిసిపోవలసిన క్షణం. బహుమతుల వేదిక మీద బెరిల్ కూతురికి షేక్‌హ్యాండు ఇవ్వలేదు. గుంపును లాగే శ్రమ అంతా తనకు వదిలి చివర్లో డెనీస్ ముందుకు ఉరికిందని ఆమె ఉక్రోషం. ఆ ఫొటోను పత్రికలు వదలలేదు. 1986లో వెలువడిన ఆత్మకథలో, తాను చేసినది క్రీడాకారులు చేయవలసిన పని కాదనీ, దానికి సమర్థన లేదనీ ఒప్పుకుంది. తల్లీ కూతుళ్ళు ఆ తరువాత 1982లో ఒకే టాండెమ్ సైకిలు మీద ముందొకరు వెనకొకరు కూర్చుని పది మైళ్ళ జాతీయ రికార్డు కూడా నెలకొల్పారు. ఆ ఇంట్లో రాజీలు మాటల్లో కన్నా సైకిలు మీదనే జరిగేవి కాబోలు.

నేను ఈ ఘట్టం మీద చాలాసార్లు ఆలోచించాను. పదకొండో ఏట పరీక్ష తప్పిన పిల్ల ఆ వేదిక మీద నిలబడి ఉంది. ఆమెను పాతికేళ్ళు చలిలో, వానలో, మట్టిలో లేపి సైకిలెక్కించిన పట్టుదలే ఆ రోజున కన్నబిడ్డ వైపు చెయ్యి చాపనివ్వలేదు. ఒకదాన్ని మెచ్చుకుని రెండోదాన్ని తిట్టడం సులభం. రెండూ ఒకే వేరునుంచి వచ్చాయి మరి.

రాణిగారి ప్రభుత్వం 1964లో, 1968లో బిరుదులిచ్చింది. జాతీయ టైటిళ్ళు తొంభై దాటాయి. యాభై దగ్గరపడ్డాక గెలుపులు తగ్గాయి. ఆరోగ్యం కూడా మునుపటిలా లేదు. మిత్రులు ఇక చాలన్నా ఆమె వినలేదు. పందెంలో వెనకబడినా పేరు ఇచ్చేది, నంబరు కట్టుకునేది, తొక్కేది. విశ్రాంతి కూడా శిక్షణలో భాగమే అన్న సంగతి నేటి కోచ్‌లు మొదటి పాఠంగా చెబుతారు. కండరం గట్టిపడేది తొక్కేటప్పుడు కాదు, తొక్కి పడుకున్నప్పుడు. ఆ పాఠం బెరిల్‌కు నచ్చలేదు. చిన్ననాడు డాక్టర్లు జాగ్రత్త అన్న గుండె ఆమె ఛాతీలో అలాగే ఉంది.

1996 మే 5. మరో వారం రోజుల్లో 59వ పుట్టినరోజు. స్నేహితులను విందుకు పిలవాలని పిలుపు చీటీలు పట్టుకుని సైకిలు మీద ఇంటినుంచి బయలుదేరింది. దారిలో గుండె ఆగిపోయింది. రోడ్డు మీదనే ప్రాణం పోయింది.

మోర్లీలో ఆమె పేరిట ఒక చిన్న తోట ఉంది. పన్నెండు గంటల మహిళల రికార్డు ఆమె పోయాక కూడా 21 ఏళ్ళు అలాగే నిలిచింది. 2017లో ఆలిస్ లెత్‌బ్రిడ్జ్ అనే మరో బ్రిటిష్ మహిళ 285.65 మైళ్ళు తొక్కి దాన్ని దాటింది. మొదటి రికార్డుకూ రెండో రికార్డుకూ మధ్య గడిచింది సరిగ్గా 50 ఏళ్ళు.